సుఖోయ్ కడుపు కింద రెండున్నర టన్నులు

"బ్రహ్మోస్ 2001లోనే ఎగిరింది కదండీ, దాన్ని విమానానికి తగిలించడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?" నేను చేసిన పని గురించి కాస్త తెలిసినవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అడిగారు. పెళ్లిళ్లలో అడిగారు, రైల్లో అడిగారు. మా మేనల్లుడు ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిందని చెప్పడానికి ఫోన్ చేసి, ఆ శుభవార్త పూర్తికాకముందే ఇదే అడిగాడు. అడగడంలో తప్పేమీ లేదు. చాందీపూర్‌లో 2001 జూన్ 12న మొదటిసారి ప్రయోగించిన క్షిపణి ఆ తరవాత నౌకల మీదికి ఎక్కింది, సైన్యం వాహనాల మీదికి ఎక్కింది. సుఖోయ్-30 ఎంకేఐ యుద్ధవిమానం నుంచి మాత్రం మొదటి ప్రయోగం 2017 నవంబర్ 22న జరిగింది. బయటివాళ్లకు ఆ పదహారేళ్లూ ఖాళీగానే కనిపిస్తాయి.

ఆ పదహారేళ్లూ నేను అందులో లేను. చివరి దశలో చేరాను. క్షిపణి విమానాన్ని వదిలే ఆ కొద్దిపాటి సమయంలో ఎలా కదులుతుందో లెక్కగట్టే చిన్న బృందం మాది. కూర్చునేది హైదరాబాద్‌లో, పరుగులు నాసిక్‌కీ బెంగళూరుకీ. అధికారికంగా బయటికి వచ్చిన అంకెలే ఇక్కడ రాస్తున్నాను. మిగతావి రాయకూడదు, రాయాల్సిన అవసరం కూడా లేదు.

నేల మీది నుంచి వెళ్లే బ్రహ్మోస్ బరువు దాదాపు మూడు టన్నులు. గొట్టం లాంటి క్యానిస్టర్‌లో ఉంటుంది. నిలబడి ఉన్నచోటి నుంచి దాన్ని సూపర్‌సోనిక్ వేగానికి తీసుకుపోవడానికి వెనక ఘన ఇంధనం బూస్టర్ ఉంటుంది. ఆ వేగం అందాక కిరోసిన్ తరహా ద్రవ ఇంధనంతో రామ్‌జెట్ ఇంజన్ పని అందుకుంటుంది. రామ్‌జెట్‌కు కంప్రెసర్ లాంటి తిరిగే భాగాలు ఉండవు. ముందే వేగంగా వెళుతూ ఉంటేనే అది గాలిని లోపలికి నొక్కుకోగలదు. అందుకే బూస్టర్ తప్పనిసరి. విమానం నుంచి వదిలినప్పుడు వేగం కొంత, ఎత్తు మొత్తం విమానమే ఇస్తుంది కాబట్టి బూస్టర్‌ను చిన్నది చేయవచ్చు. చేశారు. క్యానిస్టర్ అక్కర్లేదు. గాలిలో పడేటప్పుడు నిలకడ కోసం తోక దగ్గర రెక్కలు కలిపారు. బరువు రెండున్నర టన్నులకు దిగింది.

ఈ నాలుగు వాక్యాలు చదవడానికి తేలిగ్గానే ఉంటాయి. కానీ వెనక వైపు అర టన్ను తీసేస్తే గరిమనాభి, అంటే బరువంతా తూగే బిందువు, ముందుకు జరుగుతుంది. అది జరిగితే గాలిలో క్షిపణి ముక్కు ఎటు వాలుతుందో, ఎంత త్వరగా వాలుతుందో మారిపోతుంది. తోక రెక్కలు కలిపితే మళ్లీ మారుతుంది. మా బృందానికి కొత్త డ్రాయింగ్ వచ్చిందంటే అంతకుముందు చేసిన లెక్కలన్నీ మళ్లీ మొదటికి వచ్చినట్టే. "చిన్న మార్పే సార్" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాకు గుండె దడ. ఈ రంగంలో చిన్న మార్పు అనేది నేను చూడలేదు.

విమానం వైపు కథ ఇంకా పెద్దది. సుఖోయ్ రెండు ఇంజన్ల మధ్య, కడుపు కింద, సరిగ్గా మధ్యగీత మీద క్షిపణి వేలాడాలి. ఆ విమానం గరిష్ఠంగా 38.8 టన్నుల బరువుతో లేవగలదు కాబట్టి మోయడం పెద్ద విషయం కాదని చాలామంది అనుకుంటారు. మొత్తం బరువు సమస్య కాదు, అంత బరువు ఒకే చోట వేలాడటం సమస్య. పైగా పైలట్ వెళ్లిన ప్రతిసారీ క్షిపణిని వదిలేసి రాడు కదా. వదలకుండా తిరిగి వస్తే దాన్ని మోస్తూనే రన్‌వే మీద దిగాలి. చక్రాలు నేలను తాకినప్పుడు వచ్చే కుదుపంతా ఆ కొక్కేల మీద పడుతుంది. విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ నాసిక్‌లో నిర్మాణానికీ విద్యుత్ వ్యవస్థకూ సంబంధించిన మార్పులు చేసింది. విమానం సాఫ్ట్‌వేర్‌ను వైమానిక దళం ఇంజనీర్లే రాసుకున్నారు. ఈ చివరి విషయం బయట పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. నన్నడిగితే మొత్తం ప్రాజెక్టులో అన్నింటికంటే తక్కువ పేరు వచ్చింది వాళ్లకే.

ఇక మా పనికి వస్తాను.

క్షిపణి దూకుడుగా దూసుకుపోవడం టీవీలో చూస్తాం. కానీ కొక్కెం వదలగానే అది దూసుకుపోదు, పడుతుంది. వంద నుంచి నూటయాభై మీటర్ల దాకా కిందికి జారాక బూస్టర్ అంటుకుంటుంది. స్కూల్లో నేర్చుకున్న సూత్రంతో లెక్కేస్తే వంద మీటర్లు పడటానికి నాలుగున్నర సెకన్లు, నూటయాభైకి అయిదున్నర. అంతసేపూ రెండున్నర టన్నుల ఇంధనం, పేలుడు పదార్థం, ఎలక్ట్రానిక్స్ కలిపిన మూట, ఇంకా మంట లేకుండా, తన రెక్కలనే నమ్ముకుని, ఇద్దరు మనుషులు కూర్చున్న విమానం కింద గాలిలో ఉంటుంది. లక్ష్యం తగిలిందా లేదా అన్నది తరవాతి సంగతి. మాకు నిద్రపట్టనివ్వనిది ఆ అయిదు సెకన్లు. అందులోనూ మొదటి సెకను.

విమానం కింద గాలి మామూలు గాలి కాదు. రెండు ఇంజన్ గూళ్ల మధ్య అది కాలువలో నీళ్లలా ఇరుక్కుని పారుతుంది. ఇంజన్ ముఖద్వారాల దగ్గర, రెక్కల మొదట్లో, పీడనం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. ధ్వని వేగానికి దగ్గరయ్యేసరికి షాక్ తరంగాలు మొదలై వేగం కొద్దిగా మారినా చోటు మార్చుకుంటాయి. క్షిపణి అందులోంచి కిందికి దిగుతున్నకొద్దీ దాని ముక్కు మీద ఒక బలం, తోక మీద ఇంకో బలం. అది ఎనిమిది మీటర్లకు పైగా పొడవున్న వస్తువు. మధ్యభాగం చుట్టూ కేవలం అయిదు డిగ్రీలు తిరిగినా ఒక చివర ముప్పై అయిదు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. వదిలిన మరుక్షణంలో పైన ఉన్నదేమిటంటే విమానం పొట్ట. ముక్కు కొంచెం కిందికి వాలితే మాకు హాయి. పైకి లేస్తానంటే మాత్రం మాకు పని పెరిగినట్టే.

ఒక ఊరట ఉంది. బరువైన వస్తువులు సాధారణంగా బుద్ధిగా పడతాయి. అసలు ప్రమాదకరమైనవి ఖాళీ ఇంధన ట్యాంకుల్లాంటివి. పెద్దగా ఉండి బరువు లేనివి గాలికి ఎటు పడితే అటు తిరుగుతాయి, కొన్ని వెనక్కి వచ్చి విమానాన్నే తాకిన ఘటనలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. "మనది బరువుగా ఉంది కదా, పడిపోతుందిలే" అని మా పెద్దాయన ఒకరు తరచూ అనేవారు. అని, మళ్లీ ఆయనే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేవారు.

లెక్క రెండు దారుల్లో సాగుతుంది. ఒకటి కంప్యూటర్‌లో విమానం చుట్టూ గాలిని లక్షల చిన్న గదులుగా విడగొట్టి ఒక్కో గదిలో ఏం జరుగుతుందో కట్టడం. రెండోది విండ్ టన్నెల్, అంటే చిన్న నమూనా మీదికి గాలిని వేగంగా వదిలే సొరంగం. టన్నెల్‌లో విమానం నమూనాను ఒక కడ్డీకి బిగిస్తారు, క్షిపణి నమూనాను ఇంకో కదిలే కడ్డీకి. క్షిపణి మీద పడే బలాలను లోపలి బ్యాలెన్స్ కొలుస్తుంది. ఆ బలాలకు నిజమైన క్షిపణి అయితే ఎటు కదిలేదో కంప్యూటర్ లెక్కగట్టి, కడ్డీని అంత మేర జరుపుతుంది. మళ్లీ కొలత, మళ్లీ జరపడం. అలా నిజంగా కిందపడకుండానే కిందపడే దారి మొత్తం గీస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకిది ముచ్చటగా అనిపించింది. కొన్నాళ్లకు ముచ్చట పోయి కొలతల పట్టికలు మాత్రమే మిగిలాయి.

రెండు దారులూ ఒకే జవాబు చెబితే సంతోషం. చెప్పవు. అప్పుడు మొదలవుతుంది అసలు పని. కంప్యూటర్ తప్పా, టన్నెల్ తప్పా? చిన్న నమూనా కాబట్టి గాలి పొర ప్రవర్తన తేడాగా ఉందా? కడ్డీ అడ్డు రావడం వల్ల తోక దగ్గర ప్రవాహం చెడిందా? మా గదిలో ఈ వాదనలు ఎంత గట్టిగా జరిగేవంటే పక్క గదిలో నావిగేషన్ వాళ్లు తలుపు వేసుకునేవారు. తేడా ఎక్కడిదో తేలాక కూడా ఒకే ఒక్క దారిని నమ్మం. వదిలేటప్పుడు విమానం కొంచెం వంగి ఉంటే, వేగం కొంచెం ఎక్కువుంటే, ఒక కొక్కెం రెండోదానికంటే రవ్వంత ఆలస్యంగా తెరుచుకుంటే, క్షిపణి గరిమనాభి డ్రాయింగ్‌లో ఉన్నచోట కాకుండా కాస్త పక్కన ఉంటే... ఈ "ఉంటే"లన్నీ కలిపి వేల సార్లు కంప్యూటర్‌లో పడేస్తాం. వేలల్లో ఒక్కటి విమానానికి దగ్గరగా వచ్చినా, ఆ ఒక్కటి ఎందుకొచ్చిందో రాతపూర్వకంగా చెప్పాలి.

ఆ రాతపూర్వకం సంగతి కూడా చెప్పాలి. సైనిక విమానాల్లో ఏ మార్పు జరిగినా, అది ఎగరడానికి యోగ్యమని సర్టిఫికెట్ ఇచ్చేది బెంగళూరులోని సెమిలాక్. రివ్యూ మీటింగుల్లో వాళ్లు అడిగే ప్రశ్నలు మొదట్లో నాకు చాదస్తంగా అనిపించేవి. "ఈ గ్రాఫ్‌లో ఈ చుక్క మిగతావాటికి దూరంగా ఉంది, ఎందుకు?" అని అడుగుతారు. ఆ చుక్క కోసం పాత ఫైళ్లన్నీ తిరగేయాలి. తరవాత్తరవాత తెలిసొచ్చింది, విమానం ఎక్కే పైలట్ మా గ్రాఫులు చదవడు. అతని తరఫున చదివేది వీళ్లే. కాగితాల వల్ల ఆలస్యం అవుతోందని విసుక్కునేవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాను. ఈ పనిలో కాగితం వల్ల పోయిన కాలం కంటే, కాగితం లేకుండా మాట మీద నడిపిద్దామనుకున్నప్పుడు పోయిన కాలమే ఎక్కువ.

2016 జూన్ 25న నాసిక్‌లో క్షిపణిని కట్టుకుని సుఖోయ్ మొదటిసారి లేచింది. దాదాపు నలభై అయిదు నిమిషాల ప్రయాణం. వదలడం లేదు, ఊరికే మోసుకెళ్లి మోసుకురావడమే. బయటివాళ్లకు ఇందులో ఏమీ కనిపించదు. మాకు మాత్రం అంతవరకూ లెక్కలో ఉన్నది తొలిసారి గాలిలోకి వెళ్లింది. విమానం అదిరితే క్షిపణి ఎలా అదురుతోంది, కనెక్టర్లు వదులవుతున్నాయా, ఎత్తులో చలికి లోపలి పెట్టెలు ఎలా ఉన్నాయి, పైలట్ చేతికి విమానం బరువుగా తోస్తోందా, ఇవన్నీ ఇలాంటి ప్రయాణాల్లోనే తెలుస్తాయి. విచిత్రమేమిటంటే సరిగ్గా రెండు రోజుల తరవాత, జూన్ 27న, క్షిపణి సాంకేతికత నియంత్రణ కూటమి ఎంటీసీఆర్‌లో భారత్ సభ్యదేశమైంది. అప్పటిదాకా ఆ కూటమి పెట్టిన 300 కిలోమీటర్ల గీత దాటకూడదని బ్రహ్మోస్ పరిధిని 290 అని చెప్పేవాళ్లం. క్యాంటీన్‌లో అందరూ ఆ సభ్యత్వం గురించే మాట్లాడుకున్నారు. నేను మాత్రం వైబ్రేషన్ డేటా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మోసుకెళ్లడం అయ్యాక వదలడం. ముందు అసలు క్షిపణిని కాదు, డమ్మీని. డమ్మీ అంటే ఇనుప దుంగ అనుకోకండి. బరువు, గరిమనాభి, తిరగడానికి అది ఇచ్చే ప్రతిఘటన, బయటి ఆకారం, అన్నీ అసలుదానితో సరిపోవాలి. లేకపోతే అది పడే దారి మనకు పనికిరాదు. దాని ఒంటి మీద నలుపు తెలుపు గుర్తులు వేస్తారు. విమానానికి అమర్చిన హైస్పీడ్ కెమెరాలు ఆ గుర్తులను పట్టుకుంటే, ఫ్రేము తరవాత ఫ్రేము నుంచి క్షిపణి ఏ క్షణంలో ఎక్కడుంది, ఎంత వాలింది అని మేం తిరిగి కట్టుకోవచ్చు. కెమెరా తెచ్చే తలనొప్పులు వేరు. పైన విపరీతమైన చలి, కింద వేడి. ఒక కంపెనీ ఇచ్చిన కెమెరా పెట్టెలో తేమ చేరి అద్దం మసకబారింది. పరీక్ష కోసం గదిలో చల్లబరిచినప్పుడే బయటపడింది కాబట్టి సరిపోయింది. విమానం మీద బయటపడి ఉంటే ఒక డమ్మీ, ఒక సోర్టీ (విమాన ప్రయాణం), అంతమంది శ్రమ, మిగిలేది మసక బొమ్మ.

డమ్మీ పడిన వీడియోను నెమ్మదిగా చూసినప్పుడు, మేం గీసిన దారి మీద అసలు దారిని పరిచి చూశాం. ఒక గీత మీద ఇంకో గీత. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "తోక దగ్గర కొంచెం తేడా ఉంది చూశావా?" అన్నారు పెద్దాయన. నిజమే, ఉంది. పరిమితిలోపలే ఉంది. అయినా ఆ సాయంత్రమంతా దాని మీదే కూర్చున్నాం.

పక్క గది నావిగేషన్ వాళ్ల బాధ మా బాధకంటే తక్కువేం కాదు. విమానం కింద వేలాడుతున్న క్షిపణికి తానెక్కడున్నదీ, ఎటు తిరిగి ఉన్నదీ తెలియదు. తిరుగుడునూ వేగం మార్పునూ కొలిచే దాని లోపలి జైరోలకు, యాక్సెలరోమీటర్లకు విమానం తన నావిగేషన్ వ్యవస్థ నుంచి ఆ సంగతి చెప్పాలి. ట్రాన్స్‌ఫర్ అలైన్‌మెంట్ అంటారు. పక్కవాడి గడియారం చూసి మన గడియారం దిద్దుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ పక్కవాడు పరిగెత్తుతూ ఉంటాడు, మనమూ వాడి భుజం మీద ఊగుతూ ఉంటాం. విమానం నావిగేషన్ పెట్టె ఒకచోట ఉంటుంది, క్షిపణి ఇంకోచోట. మధ్యలో ఉన్న లోహం వంగుతుంది, అదురుతుంది. ఈ తేడాలను లెక్కలోంచి తీసేయాలంటే విమానం అటూ ఇటూ కొన్ని మలుపులు తిరగాలి. తిన్నగా వెళుతూ ఉంటే కొన్ని తప్పులు అసలు బయటికే కనిపించవు.

ఇది ఎంత సున్నితమో ఒక లెక్క చెబుతాను. దిశలో ఒక డిగ్రీలో పదిహేడో వంతు తప్పు ఉందనుకోండి. దాన్ని ఎవరూ దిద్దకపోతే 290 కిలోమీటర్లు వెళ్లేసరికి క్షిపణి దాదాపు 290 మీటర్లు పక్కకి పోతుంది. ఉపగ్రహాల సాయం, చివర్లో లక్ష్యాన్ని వెతికే ముక్కులోని సీకర్ సాయం ఉంటాయి, నిజమే. అయినా మొదలే వంకరగా ఉంటే ఆ సాయం మీద మోయలేనంత భారం పడుతుంది. క్షిపణి సెన్సర్ల ఈ అలైన్‌మెంట్‌ను చక్కదిద్దడమే తమ ఇంజనీర్లు దాటిన పెద్ద సవాళ్లలో ఒకటని వైమానిక దళం తరవాత ప్రకటనలో చెప్పుకుంది. ఆ వాక్యం చదివి పక్క గదివాళ్లు దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకున్నారు. మా విడిపోయే లెక్కల గురించి వాక్యం లేదు. కాస్త కుళ్లుకున్నాం.

ఇక్కడ అమెరికా వాళ్ల ముచ్చట ఒకటి. 1979-80లో వాళ్ల వైమానిక దళం బీ-52 బాంబర్ నుంచి వదిలే క్రూయిజ్ క్షిపణి కోసం బోయింగ్ ఏజీఎం-86బీకీ, జనరల్ డైనమిక్స్ ఏజీఎం-109కీ పోటీ పెట్టింది. రెండు వైపులా కొన్ని క్షిపణులు పరీక్షల్లోనే కూలిపోయాయి. అయినా పోటీ ఆపలేదు, 1980 మార్చిలో బోయింగ్‌ను ఎంచుకున్నారు. మన దగ్గర ఒక్క ప్రయోగం తప్పితే టీవీల్లో అదే రోజు తీర్పు వచ్చేస్తుంది. పరీక్ష అంటే తప్పు బయటపడటానికి పెట్టుకున్నదే అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే మేం గాలిలో నేర్చుకోవలసినవి కూడా వీలైనంత నేల మీదే నేర్చుకోవాలని చూస్తాం. సమయం ఎక్కువ పట్టడానికి అదొక కారణం.

2017 నవంబర్ ప్రయోగం బంగాళాఖాతంలో. అలాంటి రోజుకు ముందు విమానాలకు, ఓడలకు ఆ ప్రాంతం మూసేస్తూ హెచ్చరికలు వెళతాయి. అయినా వేటకొచ్చిన పడవ ఒకటి లోపలికి వచ్చిందంటే గడియారం ఆగిపోతుంది. మబ్బు, గాలి, రాడార్లు, క్షిపణి పంపే సమాచారాన్ని (టెలిమెట్రీ) పట్టే నౌకలు, అన్నీ ఒకేసారి సిద్ధంగా ఉండాలి. మాలాంటివాళ్లకు ఆ రోజు చేయడానికి పనేమీ ఉండదు. చేయాల్సిందంతా ఎప్పుడో చేసేశాం. తెర ముందు నిలబడి టెన్షన్ పడటమే మిగిలింది.

"రిలీజ్" అన్న మాట వినిపించింది. మా పని అంతా ఆ మాటకూ "బూస్టర్ ఆన్" అన్న మాటకూ మధ్యలో ఉంది. ఆ మధ్యలో నేను ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు గానీ, బూస్టర్ అంటుకున్నాక కుర్చీలో కూర్చుండిపోయాను. లక్ష్యం వైపు అది మాక్ 2.8తో, అంటే ధ్వని వేగానికి 2.8 రెట్ల వేగంతో వెళుతోంది, గది మొత్తం లేచి నిలబడి చూస్తోంది, మా బృందం ఒక్కటే కూర్చుని ఉంది. మాకు ప్రయోగం అప్పటికే అయిపోయింది. లక్ష్యంగా పెట్టిన ఓడకు క్షిపణి తగిలిందని చెప్పినప్పుడు చప్పట్లు కొట్టాం, అందరితో పాటే. ఈ తరగతి మాక్ 2.8 క్షిపణిని విమానం నుంచి ప్రయోగించిన మొదటి వైమానిక దళం మనదేనని ప్రకటన వచ్చింది.

తరవాతవి త్వరగా చెబుతాను. 2019 మే 22న నేల మీది లక్ష్యాన్ని కొట్టారు. 2020 జనవరి 20న తంజావూరులో టైగర్‌షార్క్స్ అనే 222 స్క్వాడ్రన్ మొదలైంది, బ్రహ్మోస్ మోసే సుఖోయ్‌లతో. అదే ఏడాది అక్టోబర్‌లో పంజాబ్‌లోని స్థావరం నుంచి లేచిన విమానం గాలిలోనే ఇంధనం నింపుకుని బంగాళాఖాతంలో లక్ష్యాన్ని కొట్టింది. పరిధి పెంచిన రకాన్ని 2022 మే 12న సుఖోయ్ నుంచే పరీక్షించారు.

ఇప్పుడు మాట్లాడుకుంటున్నది కొత్త తరం బ్రహ్మోస్-ఎన్‌జీ గురించి. బరువు దాదాపు సగం, పొడవు తక్కువ, తేజస్ లాంటి చిన్న విమానాల మీద కూడా వేలాడాలి. మొన్న పాత సహోద్యోగులను కలిసినప్పుడు కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె అడిగింది, "సుఖోయ్ డేటా అంతా ఉంది కదా సార్, ఇది తేలికవుతుంది కదా?" అని. బరువు తగ్గింది, చోటు మారింది, పక్కన రెక్క కింద గాలి వేరు, పక్కనున్న ట్యాంకు వేరు. తేలికైనది బుద్ధిగా పడదని మా పెద్దాయన చెప్పిందే ఆమెకూ చెప్పాను. డేటా మాత్రం దాచుకోమన్నాను. వచ్చే రివ్యూలో దూరంగా ఉన్న చుక్క గురించి అడిగినప్పుడు పనికొస్తుంది.